చలువపందిరికి నాలుగు రాటలు

గురువుగారు అప్పజెప్పిన ఒక చిన్న పని సుహైల్‌కి తొమ్మిది రోజులుగా తిండి సయించకుండా చేస్తోంది.

కెర్మాన్ నగరం నుంచి ఎడారి దాటి దక్షిణాన ఉన్న ఒక దర్గాకు యాత్రికుల బిడారు బయలుదేరబోతోంది. ముప్ఫై మంది మనుషులు, ఇరవై ఒంటెలు. దారిలో చెట్టన్నది కనిపించదు. మిట్టమధ్యాహ్నం ఆగినప్పుడు తలదాచుకోవడానికి ఒక చలువపందిరి కావాలి. పైన కట్టే గుడ్డ, దాన్ని నిలబెట్టే నాలుగు రాటలు ఎంచి తెమ్మని షేక్ ఇమాదుద్దీన్ తన శిష్యుడు సుహైల్‌తో చెప్పారు.

సుహైల్ ఏ పనైనా ఆచితూచి చేసే మనిషి. గుడ్డ బాగానే తెచ్చాడు. మేకవెంట్రుకలతో నేసిన నల్లటి గుడ్డ. ఎండను ఆపుతుంది, గాలిని ఆపదు. గురువుగారు దాన్ని చెంపకు ఆనించుకుని చూసి, "బాగుంది నాయనా," అన్నారు.

చిక్కంతా రాటల దగ్గర వచ్చింది.

"ఇనుపవి గట్టివే హజ్రత్," అన్నాడు ఒకరోజు. "కానీ బరువు. పైగా మధ్యాహ్నానికి కాలిపోయి చెయ్యి పెట్టనివ్వవు."

"ఊఁ," అన్నారు గురువుగారు.

"వెదురు తేలికే గాని, ఈ పొడిగాలికి నిలువునా చీలుతుంది," అన్నాడు మరునాడు.

"ఊఁ."

"మల్బరీ కర్రకు చేవ ఉంది. కానీ బజారంతా గాలించినా తిన్నటిది ఒక్కటీ లేదు. దేనికో ఒక వంకర, దేనికో ఒక ముడి."

గురువుగారు ఆ మాట కూడా ఓపిగ్గా విన్నారు. ఏదో ఒకటి తెచ్చెయ్యమని అనలేదు.

బయలుదేరే రోజు వచ్చింది. బిడారు నాయకుడు హూషంగ్ ఒంటెల మీద మూటలు సర్దుతూ, "గుడ్డ ఉంది, రాటలేవీ?" అన్నాడు.

"మూడో మజిలీలో పెద్ద కలప అడితి ఉందట. అక్కడైతే మేలైనవి దొరుకుతాయి," అన్నాడు సుహైల్.

హూషంగ్ గురువుగారి వైపు చూశాడు.

"ఆ పని సుహైల్‌ది కదా," అని ఆయన ఒంటె ఎక్కారు.

మొదటి రోజు మధ్యాహ్నం ఒంటెల నీడన, తలల మీద దుప్పట్లు కప్పుకుని ఎలాగో గడిపారు. ఎవరూ పెద్దగా సణగలేదు.

రెండో రోజు ఎండ నెత్తికెక్కే వేళ, వెనక ఒంటె మీది నుంచి ఒక ఆడమనిషి కేక వినిపించింది. ఆమె పేరు గుల్‌నార్. భర్తతో, అత్తగారితో కలిసి మొక్కు తీర్చుకోవడానికి వస్తోంది. కడుపుతో ఉంది. ఇంకా నెల గడువుందన్న ధైర్యంతో బయలుదేరింది. ఇప్పుడు నొప్పులు మొదలయ్యాయి.

కిందికి దించారు. ఇసుక పెనంలా కాలుతోంది. అత్తగారు దుప్పట్లు పరిచి కోడల్ని పడుకోబెట్టింది. "నీడ చూడండి నాయనా! ఈ ఎండలో తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు!" అని అరిచింది.

హూషంగ్ రెండు ఒంటెల్ని అటూ ఇటూ కూర్చోబెట్టి, వాటి జీనులకు గుడ్డ కట్టించాడు. గుల్‌నార్ మరో కేక పెట్టగానే ఒంటెలు బెదిరి లేచాయి. గుడ్డ ఊడి ఇసుకలో పడింది.

వదిలేసి వచ్చిన రాటలన్నీ సుహైల్ కళ్ల ముందు కదిలాయి. వంకరవి, బరువువి, చీలేవి. వాటిలో ఏ నాలుగైనా ఇప్పుడు చాలు.

గురువుగారు నడిచి వెళ్లి గుడ్డ ఒక కొస అందుకున్నారు. రెండు చేతులతో దాన్ని తలకంటే ఎత్తుగా పట్టి, గుల్‌నార్ వైపు వీపు తిప్పి నిలబడ్డారు. డెబ్బై ఏళ్ల మనిషి.

ఇంకో కొస గుల్‌నార్ భర్త పట్టుకున్నాడు. మూడోది హూషంగ్. నాలుగోది సుహైల్. నలుగురూ బయటికి ముఖాలు పెట్టి నిలబడ్డారు. వాళ్ల మధ్య నల్లటి నీడ పరుచుకుంది.

గాలి విసురుకి గుడ్డ లాగినప్పుడల్లా సుహైల్ కాళ్లు తన్నిపట్టి బిగుసుకున్నాడు. ప్రతిసారీ భుజాలు ఊడిపోయినట్టయింది. ఓరగా గురువుగారి వైపు చూశాడు. గాలి వస్తే ఆయన ఒక అడుగు దానితో వెళ్తున్నారు. తగ్గగానే ఒక అడుగు వెనక్కి వస్తున్నారు. కొస మాత్రం దిగడం లేదు. గడ్డం మీది నుంచి చెమట కారుతోంది. పెదవులు ఎండి చిట్లాయి.

సుహైల్ కూడా అలాగే ఒక అడుగు వెళ్లాడు, ఒక అడుగు వచ్చాడు.

"హజ్రత్, మీరు కూర్చోండి," అన్నాడు కొంతసేపటికి. "మీ కొస నేను పడతాను."

"నీ కొస ఎవరు పడతారు?" అన్నారు గురువుగారు.

యాత్రికులు వంతులవారీగా వచ్చి నలుగురికీ నోట్లో నీళ్లు పోశారు. చేతులు మారుతామన్నారు కూడా. భర్త మారాడు, హూషంగ్ మారాడు. గురువుగారు తల అడ్డంగా ఊపారు. ఆయన మారకపోవడంతో సుహైల్ కూడా మారలేదు.

పొద్దు పడమటికి వాలుతుండగా, వాళ్ల వెనక ఒక సన్నటి ఏడుపు వినిపించింది.

"ఆడపిల్ల!" అంది అత్తగారు. "తల్లి కూడా క్షేమం!"

గుల్‌నార్ భర్త ఇసుకలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఎండ చల్లబడ్డాక గుడ్డ దించారు. గురువుగారి వేళ్లు మాత్రం గుడ్డను వదల్లేదు, బిగుసుకుపోయాయి. సుహైల్ ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పాడు. ఆ అరచేతుల్ని కళ్లకు అద్దుకున్నాడు.

మూడో మజిలీ చేరగానే సుహైల్ ఎవరూ చెప్పకుండానే అడితికి వెళ్లాడు. ఒక్కొక్క కర్రనూ భుజాన వేసుకుని ఆ వాకిట్లో నాలుగడుగులు నడిచాడు. నేలలో దిగ్గొట్టి, పైకొస పట్టుకుని ఊపి చూశాడు. హూషంగ్ బయట మూటలు విప్పడం పూర్తయ్యేలోపే నాలుగు మల్బరీ రాటలతో తిరిగి వచ్చాడు.

"ఇంత తొందరగానా!" అన్నాడు హూషంగ్. ఒక కర్రను ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "ఇది కాస్త వంకరగా ఉందే?"

"ఉంది," అన్నాడు సుహైల్.

మరునాడు మధ్యాహ్నం పందిరి లేచింది. గుల్‌నార్ పసిపిల్లను ఒళ్లో వేసుకుని ఆ నీడలో కూర్చుంది. మిగతా యాత్రికులు చుట్టూ సర్దుకున్నారు. గురువుగారు ఒక రాటకు చేరగిలబడి, కాళ్లు చాపుకున్నారు.

సుహైల్ ఆయన పక్కన కూర్చుని కాళ్లు ఒత్తుతూ, కాస్త సంకోచంగా అన్నాడు.

"మీరు ఆనుకున్న దానికి కిందివైపు చిన్న నెర్రె ఉంది హజ్రత్. చూసే తెచ్చాను."

గురువుగారు వెనక్కి చెయ్యి పోనిచ్చి ఆ నెర్రెను వేలితో తడిమారు.

"ఆ రోజు గుడ్డ పట్టినప్పుడు నా ఎడమ మోకాలు కూడా బాగోలేదు," అన్నారు.