వణికితే ఒప్పుకున్నట్టా?

ఎర్రగుట్ట కింద వాగు ఒడ్డున మేకలూ గొర్రెలూ గేదెలూ కలిసి మేసేవి. మనుషుల చేతుల్లోంచి ఎలాగోలా తప్పించుకొచ్చి, ఒకదానికొకటి తోడుగా బతుకుతున్న మంద అది. పోయిన ఏడు గాలికుంటు రోగం వచ్చి మందలో సగం కుంటుతుంటే, ఎక్కడి నుంచో ఒక నక్క దిగింది. ఒక బండకు ఎర్రమన్ను పూసి, ముందు వేపరెమ్మ పెట్టి, "ఈవిడ గుట్టమ్మ. అమ్మకు కోపం వచ్చింది. అందుకే మీ గిట్టలు పుళ్ళుపడ్డాయి" అంది. భయంలో ఉన్నవాళ్ళకు ఏం చెప్పినా ఎక్కుతుంది కదా, మందకూ ఎక్కింది. నక్క కాస్తా స్వామి అయిపోయింది.

అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ ఒక పిల్ల బలి. ఈ తంతు నక్క సొంతంగా కనిపెట్టిందేమీ కాదు. ఊరి జాతరలో మనుషులు చేస్తుంటే పొదచాటున కూర్చుని నేర్చుకుంది. పిల్ల మీద వేపరెమ్మతో చన్నీళ్ళు చల్లేది. పిల్ల ఒళ్ళు విదిలించిందా, "అమ్మ సెలవిచ్చింది! పిల్ల ఒప్పుకుంది!" అని అరిచేది. చన్నీళ్ళు పడితే ఒళ్ళు విదిలించని జీవం ఈ భూమ్మీద ఎక్కడుందో ఆ నక్కనే అడగాలి. ఆ తర్వాతి పని నక్క వెంట వచ్చిన దుమ్ములగొండిది. దానికి బుర్ర తక్కువ, భక్తి ఎక్కువ. మెడ కొరికే ముందు బండకు మొక్కేది, కొరికాక కళ్ళు తుడుచుకునేది. ప్రసాదం మాత్రం ఆ ఇద్దరే పంచుకునేవాళ్ళు.

ఈసారి వంతు బొల్లిమేక కూతురికి వచ్చింది. ముందు పుట్టిన ఇద్దరినీ గాలికుంటు మింగేశాక, బొల్లిమేకకు మిగిలింది ఈ ఒక్క పిల్లే. పుష్యమాసం అమావాస్య నాడు, పొద్దున్నే మందంతా బండ చుట్టూ చేరింది. పిల్ల తల్లి పొట్ట కిందికి దూరి బయటికి రానంటోంది.

"ఏడవకు తల్లీ," అంది నక్క. "జీవాలన్నీ అమ్మ బిడ్డలే. నీ కూతురు అమ్మ ఒడికే పోతోంది."

"నేనూ అమ్మనే స్వామీ," అంది బొల్లిమేక. "నాకు తెలిసి ఏ అమ్మా ఒక బిడ్డను కోయించి ఇంకో బిడ్డకు వడ్డించదు."

"అపచారం!" ముసలి పొట్టేలు ఉలిక్కిపడింది. "నోరు ముయ్యవే. అమ్మ వింటుంది."

"విననీ మామా, వినాలనే అంటున్నా. ప్రాణం పోసేది ఆవిడేనని రోజూ భజన చేస్తారుగా. పోసినావిడకు మళ్ళీ తీసుకోవాలనిపిస్తే మధ్యలో వీళ్ళ పళ్ళెందుకు? నా ఇద్దరు పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఎవర్ని సాయం అడిగింది?"

నక్క చిరునవ్వు చెదరనివ్వలేదు.

"ఆవేశంలో ఏదో అంటున్నావు. మేం చంపడం లేదమ్మా. పిల్ల ఒప్పుకుంటేనే. ఒప్పుకోని జీవాన్ని ఏనాడైనా ముట్టుకున్నామా?"

"ముట్టుకోలేదక్కా, అమ్మ తోడు," అంది దుమ్ములగొండి. "ఒప్పుకోకుండా ఒక్క ప్రాణం తీసినా నాకు తిండి సహించదు."

అది నిజంగానే అంటోందని బొల్లిమేకకు అర్థమైంది. నక్క అబద్ధం కంటే ఆ నమ్మకమే దాని ఒళ్ళు మండించింది. చంపేవాడికి పాపం అంటకుండా చచ్చేదాని చేతే సంతకం పెట్టించుకుంటున్నారు, అదీ దేవత పేరు చెప్పి! కొమ్ములతో నక్క డొక్క చీల్చేద్దామనిపించింది. పక్కనే దుమ్ములగొండి దవడలు కనిపిస్తున్నాయి గనక ఊరుకుంది.

నక్క వేపరెమ్మను నీళ్ళలో ముంచింది. ఒక్క చుక్కయినా తన మీద పడకుండా కొసన పట్టుకుని దూరంగా పెట్టుకుంది. బొల్లిమేక ఆ పట్టుకున్న తీరే చూస్తూ, "ఆగండి స్వామీ," అంది. "మీరు స్నానం చేశారా?"

"ఆఁ?"

"అమ్మ ముందు నిలబడ్డారు కదా, తలస్నానం చేశారా అని."

"మనసులో చేశాను. మాలాంటివాళ్ళకు అది చాలు."

"ఎలా చాలుతుంది?" అంది ఒక గేదె. "మైలతో అమ్మను ముట్టుకుంటారా? మళ్ళీ మా గిట్టలు పుళ్ళుపడితే దిక్కెవరు?"

మందంతా గోల మొదలెట్టింది. ఆ భయం నక్క నేర్పిందే, ఇప్పుడు వద్దంటే ఎవరు వింటారు? గొణుక్కుంటూ వాగులో దిగింది. ఆ చలిలో ఒక్క మునక వేసి, పళ్ళు బిగబట్టి, ఒళ్ళంతా బిర్రబిగించుకుని బండ దాకా వచ్చింది. అక్కడికి వచ్చాక ఇక ఆగలేదు. ముక్కు నుంచి తోక కొస దాకా ఒళ్ళు విదిలించింది. నీళ్ళు ఎగిరి పొట్టేలు మొహాన పడ్డాయి.

"అమ్మ సెలవిచ్చింది!" గుట్ట మారుమోగేలా అరిచింది బొల్లిమేక. "స్వామి ఒప్పుకున్నాడు!"

దుమ్ములగొండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత అదృష్టం స్వామీ మీది," అంటూ బండకు మొక్కి, నక్క వైపు నడిచింది. "భయపడకండి. నొప్పి తెలియకుండా చూస్తాను."

"ఆగరా వెధవా!" నక్క గొంతు కీచుమంది. "అది చలిరా! చన్నీళ్ళు పడితే ఎవడైనా వణుకుతాడు! వణికితే ఒప్పుకున్నట్టా?"

దుమ్ములగొండి ఆగిపోయింది.

"మరి పోయిన అమావాస్య నాటి గొర్రెపిల్ల?" అని అడిగింది మెల్లగా.

నక్క ఒక అడుగు వెనక్కి వేసింది.

"అంతకు ముందు మేకపిల్ల? అదీ చలికేనా? ఒప్పుకుందన్నావు కదా. నా చేత ఎంతమందిని చంపించావురా!"

పళ్ళు బయటపెట్టి ముందుకు దూకబోయింది. "చంపు! కొరికెయ్!" అని మందంతా ఒక్కసారిగా కేకలేసింది. బొల్లిమేక అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"ఆగు తమ్ముడూ. వీడి నెత్తురు కూడా అమ్మకు అక్కర్లేదు."

"వీణ్ణి వదిలేస్తావా?" అంది పొట్టేలు.

"వీడూ బండ ముందు వణికిన జీవమే మామా. వణికినవాణ్ణి చంపితే నేను ఇంతసేపూ వాదించినదానికి అర్థమేంటి? అయినా ఇప్పుడు చంపమని ఇంత గట్టిగా అరుస్తున్నారే, నా పిల్లను పిలిచినప్పుడు మీలో ఒక్కరికైనా గొంతు పెగిలిందా?"

ఎవరూ తలెత్తలేదు. ఆ సందులో నక్క తోక ముడిచి గుట్ట ఎక్కి పారిపోయింది. దుమ్ములగొండి మళ్ళీ మంద వైపు రాలేదు. అడవిలో దానంతట అది చచ్చిన జీవాల ఎముకలే ఏరుకుని తిని బతికింది. నక్క మాత్రం ఊరుకోలేదు, వేరే మందల దగ్గర బండలకు మన్ను పూసి చూసింది. అయితే ఈ కబురు అప్పటికే అన్ని మందలకూ పాకింది గనక, ఎక్కడికి వెళ్ళినా అది రెమ్మ పట్టుకోగానే ఏదో ఒక తల్లి ముందుకొచ్చి, "ముందు మీరు స్నానం చేసి రండి స్వామీ, మేమూ చూస్తాం" అనేది.

నీతి: ఎదుటి జీవి వణుకును భక్తి అని చెప్పేవాడి బొట్టు చూడకు, పొట్ట చూడు.