ఆలకమ్మ తల్లి చెవి ఒగ్గిన వైనం

పిప్పలపాలెం దాటి చెరకు తోటల గట్టు వెంబడి నడిచే భక్తులకు ఒక చిన్న మెట్ట కనిపిస్తుంది. దాని మీద శ్రీ ఆలకమ్మ తల్లి కొలువై ఉన్నది. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, పెంకుల పందిరి ఒక్కటే ఉంది. అమ్మవారి రూపం నిలువెత్తు రాయి. ఎదుటివారి మాట వింటున్నట్టు తల కాస్త ఎడమ పక్కకు వాల్చి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు విగ్రహం ఒరిగిపోయిందనుకొని నిలబెట్టబోతుంటారు. దయచేసి ఆ ఉపకారం చేయవద్దు. అమ్మ అలా తల వాల్చడానికి కారణం ఉంది.

పూర్వం ఇక్కడ రాయి మాత్రమే ఉండేది. ఊళ్లో చిలకమ్మ అనే ఇల్లాలు ఉండేది. బెల్లం పాకం చూడటంలో ఆమెకు ఆమే సాటి. బెల్లం వండే పెద్ద పెనంలో చెరకు రసం ఉడుకుతుంటే ఆ వాసన పట్టి, ఇక దింపండి అని వాకిట్లోంచే చెప్పగలిగేది. అందుకే గ్రామదేవత పండుగకు నైవేద్యం పెట్టే తొలి బెల్లం దిమ్మ ఆమె చేతి మీదుగానే తీయించేవారు. ఆ గౌరవం ఆమెకు అత్తగారి నుంచి వచ్చింది. నగా నట్రా లేని ఇంట్లో అదే ఆమె నగ.

ఒక ఏడు పండుగ ముందర గానుగ పాకలు తగలబడ్డాయి. ఊరి పెద్ద దాలినాయుడి తమ్ముడు తన పొయ్యి ఆర్పకుండా ఇంటికి పోయాడు. పడమటి గాలికి నిప్పురవ్వ ఎగిరి ఎండు చెరకు పిప్పి కుప్ప మీద పడింది. ఊరందరి బెల్లమూ బూడిదైంది. అప్పుడు పాకల దగ్గర ఉన్నది చిలకమ్మ ఒక్కతే. దాలినాయుడు పదిమందిలో నిలబడి, ఆమె అజాగ్రత్తే ఇందుకు కారణమని తీర్పు చెప్పాడు. తొలి దిమ్మ తీసే హక్కు ఆమె చేతి నుంచి పోయింది. నిజం తెలిసినవాళ్లు నేల చూపులు చూశారు. ఇది అన్యాయం. ఈ స్థలపురాణం రాసేవారికీ అందులో రెండో మాట లేదు.

అన్యాయం ఒక్క పూటలో జరిగింది. చిలకమ్మ దాన్ని ఏళ్ల తరబడి మోసింది. గాజులమ్మే ఆమె వచ్చినా, బైరాగి వచ్చినా, కూర్చోబెట్టి నిప్పు కథ మొదలుపెట్టేది. వినేవాళ్లలో కొందరు మధ్యలో లేచిపోయేవారు. మరికొందరు అక్క వరస కలిపి "పోనీలే అప్పా, మరిచిపో" అనేవారు. ఆ మాటతో ఆమెకు ఒళ్లు మండేది. కథ చెబుతూ కూర చూసుకునేది కాదు, అన్నం మాడ్చేసేది. తన ఇంటి పాకం కూడా ముదిరిపోయేది. నోట్లో బెల్లం ముక్క వేసుకున్నా చేదు తప్ప మరేమీ తెలిసేది కాదు. భర్త గవరయ్య నెమ్మదస్తుడు. మాడిన అన్నం తిని, "బాగుందే" అని చెయ్యి కడుక్కునేవాడు.

ఒక్కగానొక్క కూతురు వరాలు తొలికానుపుకు పుట్టింటికి వచ్చింది. వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల చెవిలో నిప్పు కథే. నడుం నొప్పి అంటే నిప్పు కథ, నిద్ర పట్టలేదంటే నిప్పు కథ. చివరికి ఒకనాటి ఉదయం మూట కట్టుకుంది.

"అమ్మా, నీ కత నాకు కంఠతా వచ్చీసింది. నా బిడ్డకి రాకూడదు. నేను అత్తోరింట్లోనే కంటాను" అని చెప్పి, బండెక్కి వెళ్లిపోయింది.

పురిటికి వచ్చిన ఆడపిల్ల కనకుండా తిరిగిపోవడం ఆ ఊళ్లో ఎన్నడూ లేదు. ఊరి ముందు తల ఎత్తుకోలేక చిలకమ్మ గడ్డి కోసే నెపంతో ఈ మెట్ట ఎక్కి, ఎండలో రాయి నీడన కూలబడింది. ఏడ్చి ఏడ్చి మాగన్నుగా కునుకు పట్టింది.

కలలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఒక ముసలమ్మ వచ్చింది. మోపు దించి ఎదురుగా కూర్చుంది. "ఏటమ్మా, అంత కట్టం ఏటొచ్చింది? సెప్పు" అన్నది. చిలకమ్మ చెప్పింది. ముసలమ్మ లేచిపోలేదు, ఓదార్చలేదు, తల వాల్చి ఆఖరి మాట దాకా విన్నది. విని, "అన్నేయమే" అన్నది. ఆ ఒక్క మాట కోసం చిలకమ్మ ఎన్నాళ్ల నుంచి వేచి ఉందో! వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇప్పుడు ఇదే కత దాలినాయుడి నోటితో సెప్పు" అన్నది ముసలమ్మ.

"నా నోరు పడిపోనీ, వాడి మాట నేను చెప్పను" అంది చిలకమ్మ. ముసలమ్మ కదల్లేదు. వేరే దారి లేక చిలకమ్మ మొదలుపెట్టింది. ముందు తిట్లే వచ్చాయి. ముసలమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నది. తిట్లు అయిపోయాక ఆనాటి జనం కనబడ్డారు, వాళ్ల చేతుల్లో కర్రలు కనబడ్డాయి. "తమ్ముడి పేరు చెబితే అక్కడికక్కడే చంపేస్తారు. ఆడమనిషిని తిట్టి వదిలేస్తారు" అని దాలినాయుడి నోటితో తానే అనేసి, చిలకమ్మ ఆగిపోయింది. ఇన్నాళ్లూ అతడు తన మీద పగబట్టి చేశాడనుకుంది. భయపడి చేశాడు, పిరికివాడు. తప్పు తప్పే. కాని అది తనకు గురిపెట్టి విసిరిన రాయి కాదు.

"ఇంక నీ కత సెప్పు. అందులో నిప్పు ఉండకూడదు" అన్నది ముసలమ్మ.

చిలకమ్మ ఎక్కడ మొదలుపెట్టినా నిప్పే అడ్డొచ్చింది. వెతుక్కోగా వెతుక్కోగా అత్తగారు గుర్తుకొచ్చింది. కొత్త కోడలిని పెనం పక్కన నిలబెట్టి, పాకం చుక్క చన్నీళ్లలో వేసి, ఉండ కట్టిందో లేదో వేళ్లతో చూడటం నేర్పింది. ఆ ఉండ కోడలి నోట్లోనే పెట్టి నవ్వింది. అది చెబుతుండగా చిలకమ్మ నోట్లో నీరూరింది. మెలకువ వచ్చి చూస్తే ముసలమ్మ లేదు. అంతకుముందు నిటారుగా ఉన్న రాయి, తాను కూర్చున్న వైపు తల వాల్చి ఉంది.

దాలినాయుడు తప్పు ఒప్పుకోలేదు. తొలి దిమ్మ హక్కు తిరిగి రాలేదు. ఏటా పండుగనాడు చిలకమ్మకు గుండెలో కలుక్కుమనేదట. అయినా ఆమె మెట్ట దిగి, భర్తకు వేడిగా నాలుగు మెతుకులు వండిపెట్టి, వియ్యాలవారింటికి ప్రయాణమైంది.

గుమ్మంలో తల్లిని చూసి వరాలు బిగుసుకుపోయింది. ఇక మొదలవుతుందని పెదవి కొరుక్కుంది. చిలకమ్మ కూతురి పక్కన కూర్చొని, వాచిన పాదాలు ఒళ్లోకి తీసుకొని, "ఏం తినాలనుందే?" అని అడిగింది. వరాలు తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పురుడు పుట్టింట్లోనే జరిగింది. పుట్టిన ఆడబిడ్డకు, మొర ఆలకించిన తల్లి గుర్తుగా, ఆలకమ్మ అని పేరు పెట్టారు. మెట్ట మీద తల్లికీ అదే పేరు స్థిరపడింది.

నేటికీ ఇదే ఆచారం. మనసు విరిగినవారు ఒంటరిగా మెట్ట ఎక్కి, అమ్మకు ఎడమ పక్కన కూర్చొని, తమకు జరిగింది దాచకుండా చెప్పుకుంటారు. ఆ తర్వాత దాన్నే అవతలివారి నోటితో చెబుతారు. చివర ఆ ఊసు లేని తమ కథ చెబుతారు. మొదటి రాకలో రెండోది పలకకపోతే సిగ్గుపడనక్కరలేదు, మళ్లీ రావచ్చు. అమ్మకు విసుగు లేదు. ఇక్కడ తీర్పులు దొరకవు. కోర్టుకు పోవలసినవారు నిక్షేపంగా పోవచ్చు, అమ్మ అడ్డు చెప్పదు. పూజారులుగా ఉన్న చిలకమ్మ వంశపు ఆడవారు నాలుక మీద బెల్లం ముక్క పెట్టి పంపుతారు. ఇల్లు చేరిన భక్తులు గడప దాటగానే మొదటి మాటగా ఇంట్లో ఒకరిని "నీకేం తినాలనుంది?" అని అడగాలి. వాళ్లు చెప్పింది వండి పెట్టి, పక్కన కూర్చొని తినిపిస్తే మొక్కు చెల్లినట్టే.