జక్రయ్య గారి ల్యాప్‌టాప్ మూగబోయిన రోజు

తెనాలిలో లినక్స్, అంటే కంప్యూటర్‌ని నడిపే ఒక వ్యవస్థ, నేర్పే నరహరి మాస్టారి గురించి చెప్పాలంటే ముందు ఆయన అలవాటు చెప్పాలి. శిష్యుడు ఎంత పెద్ద ప్రశ్న వేసినా ఆయన వాదనకి దిగరు. "పద, చూద్దాం" అంటారు, అంతే! ఆ మాటకి జంకేవాళ్లే ఎక్కువ.

ఒకనాటి మధ్యాహ్నం ఫణీంద్ర అనే శిష్యుడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మాస్టారూ, చిప్ చేసిన కంపెనీవాడు దానికి డ్రైవరు ఇవ్వకపోతే, ఆ తప్పు మనదవుతుందా?" అని అడిగాడు.

డ్రైవరంటే మరేం లేదండీ, చిప్‌కీ లినక్స్‌కీ మధ్య దుబాసీ. అది లేకపోతే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బిక్కమొహాలు వేసుకోవాల్సిందే.

జరిగిందేమిటంటే, జక్రయ్య గారని పుట్టుకతోనే చూపు లేని మనిషి ఒకాయన ఉన్నారు. తెర మీద ఉన్నదంతా ఆయన ల్యాప్‌టాప్ పైకి చదువుతుంది, ఆయన విని పని చేసుకుంటారు. ఇంటి నుంచే రాసే ఉద్యోగ పరీక్ష ఒకటి ఆ ఉదయం ఉంది. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చిన పిలుపు! మన ఫణీంద్రకి ఉత్సాహమెక్కువ కదా. "లినక్స్ కొత్త వెర్షన్ వేసిస్తాను సార్, గుర్రంలా పరిగెడుతుంది" అని ముందురోజే పట్టుకుపోయాడు. వేశాక తెర వెలిగింది, వైఫై కలిసింది, మీటలు నొక్కితే అక్షరాలు పడ్డాయి. అన్నీ బాగున్నాయని తెచ్చి ఇచ్చేశాడు. కొత్త వెర్షన్‌లో ఆయన ల్యాప్‌టాప్‌లోని సౌండు చిప్‌కి డ్రైవరు లేదు. గుర్రం బాగానే పరిగెత్తింది, నోరే పడిపోయింది. పరీక్ష వేళకి ఆయన కంగారుగా ఫోన్ చేస్తే మనవాడు అడిగిన మొదటి మాటేమిటో తెలుసా? "తెర మీద ఏముంది సార్?"

పరీక్ష వేళ దాటిపోయింది.

"పద, చూద్దాం" అన్నారు మాస్టారు.

వెళ్లేసరికి జక్రయ్య గారు ఇంకా ల్యాప్‌టాప్ ముందే ఉన్నారు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు కూడా తీయలేదు. ఫణీంద్ర ఆయన భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, "ఫణీ, నువ్వేనా? రా నాయనా. నువ్వు అడిగావని పక్కింటావిడని పిలిచి చూపించాను. ఏదో రాసుందట, ఇంగ్లీషట, ఆవిడకి రాదు. కాస్త చదివిపెట్టు" అన్నారు.

ఫణీంద్ర వంగి చూశాడు. మాస్టారి వైపు తిరిగి, "ఆ కంపెనీవాడు డ్రైవరు ఇచ్చుంటే..." అని గొణిగాడు.

"ఆయన చదవమన్నారు. చదువు."

"సౌండు పరికరం దొరకలేదు" అని చదివాడు ఫణీంద్ర. "వివరాల కోసం ఇక్కడ చూడండి."

జక్రయ్య గారు చిన్నగా నవ్వారు. "పాపం, అది చెబుతూనే ఉందన్నమాట! నేనే చూసుకోలేదు."

ఇద్దరూ తిరిగి బయల్దేరారు. వంతెన దాటాక ఫణీంద్ర మళ్లీ అన్నాడు: "ఎంతైనా తప్పు కంపెనీదే కదా మాస్టారూ?"

"కంపెనీవాడు జక్రయ్య గారిని ఎన్నడూ చూడలేదు, ఫణీ" అన్నారు మాస్టారు.