దక్షిణపు గోడ మీది నలుపు

దామోదరాచారి మాస్టారికి ఒక దుర్గుణం ఉంది. ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే ఆయనకు శిష్యులు తక్కువ, ఆ శిష్యుల్లో ప్రశ్నలడిగేవాళ్ళు మరీ తక్కువ. ఆరేళ్ళుగా నోరెత్తని సువార్త కూడా ఆ వేసవిలో ఉండబట్టలేక అడిగేసింది.

"ఎన్నాళ్ళు మాస్టారూ, ఇలా చూస్తూ కూర్చోవడం?"

వాగు ఒడ్డున ఉన్న ఆ పాత మండపం ఇసుకరాతిది. ఉత్తరపు గోడ మీద పదకొండు నర్తకి బొమ్మలున్నాయి. బూజూ పాచీ వాటిని కొద్దికొద్దిగా తినేస్తున్నాయి. కంటికి ఆనని ఆ జీవుల్ని దూదితో అద్ది తీసి, గాజు పళ్ళేల్లో పెంచి, ఏది రాతిని ఏం చేస్తోందో రాసుకోవడమే సువార్త చదువు. ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ఐదో నర్తకి నవ్వుతుండేది. ఇప్పుడు అక్కడ నోరనేదే లేదు. ఆ బొమ్మను చూస్తే సువార్తకు ఏడుపొస్తుంది.

వానలు పడకముందే ఉత్తరపు గోడంతా కడిగి రక్షణపూత వేసేస్తామని పైవాళ్ళు అంటున్నారు. సువార్త సంతకమే తరువాయి. నివేదిక రాసేసింది కూడా. అందులో మొదటి మాట, పూత వేయాలని. రెండో మాట, మాణిక్యమ్మను లోపలికి రానివ్వకూడదని. మాణిక్యమ్మ పక్క ఊరి ముసలమ్మ. రోజూ వచ్చి దక్షిణపు గోడ మీది అమ్మవారి పాదాలకు ఆముదం రాసి పోతుంది. నూనెకు బూజు పడుతుందని సువార్త చెవిన ఇల్లు కట్టుకుని చెప్పింది.

"అమ్మ పాదాలు పగుల్తన్నాయి గదమ్మా, చూస్తా ఎట్టా ఊరుకునేది?" అంటుంది ముసలమ్మ.

మాస్టారు నివేదిక చదివి మడిచి తిరిగిచ్చారు. "సంతకం తర్వాత పెడుదువుగాని. ముందు దక్షిణపు గోడ మీద నలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, అంచు వెంట గీసుకురా. పటం గోడంత ఉండాలి" అన్నారు.

సువార్తకు ఒళ్ళు మండింది. దక్షిణపు గోడ పని ఎప్పుడో అయిపోయింది. అమ్మవారి పాదాలు తప్ప దాని మీద పోల్చుకోదగ్గ బొమ్మే లేదు. చచ్చినదాని జాతకం చూడమన్నట్టుంది ఈ పని. అయినా నిచ్చెన వేసుకుని, ట్రేసింగు కాగితాలు రాతికి ముట్టీ ముట్టనట్టు ఆనించి, మూడు రోజులు గీసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించి నాలుగు పెన్సిళ్ళు విరగ్గొట్టింది. మెడ పట్టేసింది. కింద నిచ్చెన కదలకుండా పట్టుకున్నది మాణిక్యమ్మ, ఎవరూ అడక్కుండానే.

మూడోనాటి సాయంత్రం కాగితాలన్నీ నేల మీద పరిచి, వెనక్కి జరిగి చూసింది. ఆరేళ్ళలో ఆ నలుపును ఆమె గాజు పళ్ళేల్లో ఎన్ని వందలసార్లు చూసిందో లెక్క లేదు. ఇంత ఎడంగా నిలబడి ఒక్కసారీ చూడలేదు.

ముసలమ్మ ఆముదం పాదాల చుట్టూ జానెడు మేర పాడుచేసింది. మిగతా గోడంతా నలుపు పట్టీలు పట్టీలుగా ఉంది. ఒక్కోటి బెత్తెడు వెడల్పు, ఒకదాని అంచు మీద ఇంకొకటి, అన్నీ ఏటవాలుగా దిగుతూ. బూజు దానంతటది ఇంత వరసగా పెరగదు. ఎవరో కుంచెతో గోడకు ఏదో పూశారు. ఎండకూ వానకూ చివికిన ఆ పూతే బూజుకు కూడైంది. పూత అయిపోయాక రాతిని పట్టింది. సువార్త తన చేతిని గాల్లో ఆడించి చూసింది. కుడిచేత్తో పూస్తే కుంచె కుడి నుంచి ఎడమకు దిగాలి. ఇవి ఎడమ నుంచి కుడికి దిగాయి.

"ఎవడు పూశాడో గాని, వాడి చేతులు విరగ్గొట్టాలి" అంది కసిగా.

పటం చూడ్డానికి వచ్చిన మాస్టారు మెల్లగా గొంతుక్కూర్చుని, పెన్సిలు అందుకుని, ఎప్పటిలాగే కాగితం మూల తేదీ వేశారు. ఎడమచేత్తో. ఆరేళ్ళుగా ఆమె చూస్తున్న చెయ్యే అది. సువార్త సిగ్గుతో తల వంచుకుంది.

"పదేళ్ళు అద్దంలా మెరిసింది. ఊరేగించినంత పని చేశారు నన్ను" అన్నారాయన. "ఇక్కడా ఏడుగురు ఆడుతుండేవాళ్ళమ్మా."

మాణిక్యమ్మ నిచ్చెన పక్కకు పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. సంతకం లేని నివేదిక సువార్త చేతిలోనే ఉంది. దాన్ని ఇంకో మడత పెట్టింది.

"ఇలా అవుతుందని అప్పుడు మీకు తెలియదు కదా మాస్టారూ."

ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచారు. ఉత్తరపు గోడ వైపు చూశారు.

"తెలియదన్న సంగతి తెలుసమ్మా. చూసి చూసి అలిసిపోయి పూశాను."