చెడుగుడు జట్టుకి దిష్టి తగిలిన వైనం

మల్లెలగిరి రాజావారికి ఒకనాడు వింత పంతం పట్టింది. తన చెడుగుడు జట్టు ఎన్నిసార్లు ఓడినా సరే, దాన్ని తయారుచేసే ఉస్తాదుని ఎవరూ పల్లెత్తు మాట అనకూడదట.

నిండు సభలో నన్ను పిలిచారు. పిలవక ఏం చేస్తారు? ఆ రోజుల్లో నేను నోరు విప్పితే కోట గడియారం కూడా గంట కొట్టడం ఆపి వినేది.

“కామేశం, రేపు రేవుపురం జట్టుతో ఆట. జనం ఉస్తాదు మీద తిరగబడతారని వేగు వచ్చింది. ఒక్క కేక వినిపించినా, ఒక్క చెప్పు లేచినా ఆ బరి దున్నించి ఆముదాలు చల్లిస్తాను. ఆపే భారం నీది.”

సభలో అంతా తలలు పట్టుకున్నారు. ఊరందరికీ ఉన్న సరదా ఆ బరి ఒక్కటే.

ఉస్తాదు జగ్గారాయుడు మాత్రం మీసం దువ్వుకున్నాడు. ఆ మీసం నల్లగా ఉన్నప్పుడు కొలువులో చేరాడు. ఇప్పుడది ముగ్గుబుట్ట. ఇన్నేళ్లలో ఆయన నేర్పిన ఎత్తు ఒక్కటే, తొలి కూతకి తన బావమరిదిని పంపడం. ఆ బావమరిది నడిస్తే పక్క వీధి నూతుల్లో నీళ్లు తొణికేవి. గీత దాటేలోపే ఆయాసం వచ్చి కూత ఆగిపోయేది.

ఓడిన ప్రతిసారీ ఉస్తాదు ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని రాజుగారి ముందు నిలబడేవాడు.

“మనవాళ్లలో లోపం లేదు ప్రభూ. జనం దిష్టి.”

రాజావారు నమ్మేసేవారు.

సభ నుంచి నేను నేరుగా బరి పక్కన పెసరట్లు వేసే అప్పలకొండ దగ్గరికి వెళ్లాను. తిరుగుబాటుకి పెద్ద ఆవిడే. పెనం చుట్టూ సగం ఊరు. ఓ పక్క డప్పులు, ఓ పక్క రెండు గంపల పాత చెప్పులు.

“ఏటి కామేశం బాబూ, రాజుగారి తరఫునొచ్చారా, మా తరఫునా?”

“పెసరట్టు తరఫున వచ్చాను. అల్లం ఎక్కువ వెయ్యి.”

“నవ్వులాట కాదు బాబూ. ఆ ముసిలోడు దిగిపోవాల. రేపు సెప్పులు లేస్తాయంతే.”

“లేస్తే ఎల్లుండి ఇక్కడ ఆముదాలు లేస్తాయి,” అని రాజుగారి మాట చెప్పాను.

ఆవిడ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. “మా అయ్య ఆడిన బరి బాబూ ఇది. మరైతే నోరు మూసుకుని కూకోమంటారా?”

“నోరు మూసుకోండి. ఎలా కూర్చోవాలో మాత్రం నేను చెబుతాను.”

చెప్పాను. విని అప్పలకొండ నాకు ఇంకో అట్టు వేసింది. మొత్తం ముప్పై తిన్నానని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను కాదనను.

మర్నాడు సాయంత్రం జనం ఇసక వేస్తే రాలనంతగా వచ్చారు. రాజావారు గట్టు మీద గద్దె వేయించుకుని కూర్చున్నారు. బూర మోగింది. అంతే, జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి, బరికి వీపులు పెట్టి కూర్చున్నారు. కేక లేదు, చెప్పు లేదు. రేవుపురం నుంచి వచ్చిన చుట్టాలకి కూడా పెసరట్లు పెట్టి అప్పలకొండ వెనక్కి తిప్పేసింది.

రాజావారి ముఖం కందగడ్డ అయింది. “కామేశం, ఏమిటీ తిరుగుబాటు?”

నేనూ వీపు తిప్పే జవాబు చెప్పాను. రాజుకి వీపు చూపించి తల నిలుపుకున్నవాణ్ణి భూమండలంలో నేనొక్కణ్ణే.

“తిరుగుబాటా? రాజభక్తి ప్రభూ. జనం దిష్టి వల్లే జట్టు ఓడుతోందని ఉస్తాదుగారు అన్నారు కదా. అందుకని ఇవాళ ఎవరూ చూడరు. మంత్రిగారు కూడా కళ్లు మూసుకున్నారు.”

“నిజమేనా?” అని రాజావారు ఉస్తాదుని అడిగారు.

“నిజమే ప్రభూ,” అన్నాడు జగ్గారాయుడు పొంగిపోయి. “ఇన్నాళ్లకి జనానికి బుద్ధి వచ్చింది. ఇవాళ గెలుపు మనదే.”

ఆట మొదలైంది. బావమరిది కూతకి వెళ్లాడు. నా వీపు వెనక దబ్బుమని భూమి అదిరింది. ఆ తర్వాత వరసగా దబ్బు, దబ్బు, దబ్బు. చివరికి రేవుపురం ఆటగాళ్ల ఈలలు.

రాజావారు లేచారు. “జగ్గారాయా, ఏమైంది?”

ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఉస్తాదు చెయ్యి దానంతటదే మూటలోకి వెళ్లి ఉప్పూ మిరపకాయలూ తీసింది. నోరు దానంతటదే అనేసింది.

“దిష్టి ప్రభూ. ఎవరిదో పాపిష్టి కన్ను.”

అప్పుడు తిరిగాను నేను. ఎలా తిరిగానంటే, నా ఉత్తరీయం గాలికి ముందు వరసలో తలపాగాలు ఎగిరిపోయాయి.

“ఉస్తాదుగారూ, ఇవాళ గట్టు మీంచి ఆట చూసిన కళ్లు రెండే, రాజావారివి. పాపిష్టిది కుడిదా, ఎడమదా?”

ఉస్తాదు గుప్పిట్లోంచి ఉప్పు జలజలా రాలింది. రాజుగారి కుడికన్ను చూశాడు, ఎడమకన్ను చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

“నావే ప్రభూ,” అన్నాడు. “బరి పక్కనే నిలబడి చూశాను కదా. దిష్టి నాదే.”

రాజావారు ఆయన్ని ఎగాదిగా చూశారు. పెదవి మూల కదిలింది.

“అయితే రేపటినుంచి నువ్వే చూడకు జగ్గారాయా. ఇంటిపట్టున ఉండు, భరణం పంపిస్తాను. జనం ఇటు తిరిగి కూర్చోవచ్చు.”

జనం ఇటు తిరిగారు. ఆ నవ్వుకి రేవుపురంలో పడుకున్న కొంగలు లేచాయి. రాజావారు కడుపు పట్టుకుని నవ్వుతూనే తన కుడిచేతి కంకణం తీసి నా చేతికి తొడిగారు.

నేను వినయంగా రెండో చెయ్యి కూడా చాపాను.