గాలిరాయుడి గిట్టెడు లెక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక మడుగు. ఆ మడుగు ఒడ్డున ఒక జింకల మంద బతికేది. ఆ మందలో గాలిరాయుడని ఒక కుర్ర జింక ఉండేవాడు. ఆ పేరు వాళ్లమ్మ పెట్టింది కాదు పిల్లలూ, తనకు తానే పెట్టుకున్నాడు. వాడి సంగతి అక్కడే తెలిసిపోతోందిగా!

నిజం చెప్పాలంటే వాడు బాగానే పరిగెత్తేవాడు. మడుగు నుంచి మద్దిచెట్టు దాకా చదునైన పచ్చిక ఉంది. అక్కడ పందెం పెడితే గెలుపు వాడిదే. గెలిచాక ఊరుకుంటాడా? "నేను పరిగెత్తి వచ్చేసరికి చెట్టు నీడ గిట్టెడు మేరే జరిగింది, చూశారా?" అంటూ అందరి చుట్టూ తిరిగేవాడు. చూశామని చెప్పేదాకా వదిలేవాడు కాదు.

ఒక వేసవిలో ఎండలు మండిపోయాయి. మడుగులో బురద తప్ప ఏమీ మిగల్లేదు. కొండ అవతల పెద్ద వాగు ఉంది. అది ఎప్పుడూ ఎండదు. కానీ వాగు చేరాలంటే ముందు ఒక లోయ దాటాలి. పొద్దు వాలితే ఆ లోయలోకి రేచుకుక్కలనే అడవికుక్కలు గుంపుగా వేటకు దిగుతాయి. వెలుగుండగా దాటితేనే బతుకు.

మందకు పెద్ద ఒక ముసలి జింక. అందరూ ఆయన్ని కొమ్ముల తాత అనేవారు. ఆయన అందరినీ పిలిచి, "ఎప్పుడు బయలుదేరదాం?" అని అడిగాడు.

"తెల్లారగానే పోదాం మామా," అంది చుక్కమ్మ. ఆమెకు పాలు తాగే బిడ్డ ఉంది. "పోయినేడు కడుపుతో ఆ దారి నడిచాను. కొండ ఎక్కేసరికి ప్రాణం కళ్లల్లోకి వచ్చింది."

గాలిరాయుడు పకపకా నవ్వాడు.

"అంత తొందర దేనికి తాతా? మద్దిచెట్టు దాకా పరిగెత్తడానికి నాకు గిట్టెడు నీడ పట్టింది. వాగు దాకా అలాంటి దూరాలు పది. అంటే పది గిట్టల నీడ! మధ్యాహ్నం కునుకు తీసి బయలుదేరినా, పొద్దుండగానే వాగులో మూతి పెడతాం."

"ఆ దారిలో నువ్వెప్పుడైనా వెళ్లావట్రా?" అంది చుక్కమ్మ.

"వెళ్లడం ఎందుకత్తా? లెక్క ఉందిగా!"

"మొదటి దూరంలో ఉన్న కాళ్లే పదో దూరంలోనూ ఉంటాయా నీకు?"

"నాకుంటాయి. నీ సంగతి నాకు తెలియదు."

మందంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో కొండ ఎక్కినవాళ్లు కూడా ఉన్నారు! వాళ్ల తెలివిని ఏమనాలి?

కొమ్ముల తాతకు మధ్యాహ్నం నిద్రంటే ప్రాణం. కుర్రవాడి మాట ఆయన చెవిలో తేనె పోసినట్టుంది. లెక్క సరైనదా కాదా అని ఆయన చూడలేదు. తనకు నచ్చిందా లేదా అనే చూశాడు. "రాయుడు చెప్పినట్టే కానీయండి," అనేశాడు.

తెల్లవారగానే చుక్కమ్మ బిడ్డను తీసుకుని బయలుదేరింది. ఇంకో ఇద్దరు తల్లులు ఆమె వెంట నడిచారు. "పాపం, కాళ్లు లేనివాళ్లు ముందే పోవాలిగా!" అని గాలిరాయుడు వెనక నుంచి కేక వేశాడు.

మిగిలినవాళ్లు హాయిగా పడుకున్నారు. ఎండ తగ్గాక లేచారు. పచ్చిక మీద దౌడు తీశారు. మద్దిచెట్టు దగ్గర గాలిరాయుడు నీడ చూసి, "గిట్టెడు కూడా కాలేదు! మనం అనుకున్నదానికన్నా ముందే చేరతాం. కాసేపు మేయండి," అన్నాడు. మేశారు కూడా!

తర్వాత కొండ వచ్చింది. రాళ్లు గిట్టల కింద జారాయి. నాలుకలు పిడచకట్టాయి. "ఇంకెంతసేపురా?" అని అడిగాడు తాత, రొప్పుతూ.

"ఈ రాళ్లు లెక్కలోకి రావు తాతా. ఇవి దాటితే మళ్లీ మన వేగమే!"

కొండ దిగేటప్పుడు గాలిరాయుడు నాలుగు గెంతులు గెంతాడు. "చూశారా? ఈ వేగంతో పోతే రెండు గిట్టల నీడే!" అని కొత్త లెక్క కట్టాడు. కానీ వెనక వస్తున్నవాళ్ల మోకాళ్లు వణుకుతున్నాయి. అది వాడి కంటికి ఆనలేదు.

లోయ మొదట్లో తాత మళ్లీ అడిగాడు. "ఇంకెంతసేపురా నాయనా?"

గాలిరాయుడు నేల వైపు చూశాడు. కొలవడానికి అక్కడ నీడే లేదు. పొద్దు గుంకిపోయింది.

అప్పుడు వినబడ్డాయి ఈలలు. రేచుకుక్కలు కుక్కల్లా మొరగవు పిల్లలూ, ఈల వేసినట్టు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. మంద చెల్లాచెదురైంది. గాలిరాయుడి కాళ్లు కొయ్యబారాయి. ఎంత లాగినా వేగం రాలేదు.

"ఇటు రండి! నీళ్లలోకి దిగండి!" అని చీకట్లోంచి ఒక గొంతు అరిచింది. అది చుక్కమ్మ గొంతు. పొద్దుండగానే వాగు చేరి, ఒడ్డున నిలబడి, ఈలలు విని అరుస్తోంది. ఆ గొంతు పట్టుకుని ఒక్కొక్కరే పడుతూ లేస్తూ వాగులోకి దూకారు.

కొమ్ముల తాత మాత్రం పరిగెత్తలేకపోయాడు. ఆయన ఆగి, వెనక్కి తిరిగి, కొమ్ములు వంచాడు. "మీరు పోండి!" అన్నాడు. అదే ఆఖరి మాట.

మర్నాడు పొద్దున మంద తల వంచుకుని ఒడ్డున నిలబడింది. గాలిరాయుడు కడుపునిండా నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, ఏమన్నాడో తెలుసా?

"నా లెక్క తప్పు కాదు. కొండ అడ్డమొచ్చింది, అంతే!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కొండ నిన్న మొలవలేదురా," అంది చుక్కమ్మ. "మీ తాత ముత్తాతలు పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. నువ్వే దాన్ని లెక్కలో పెట్టుకోలేదు. అలిసిపోయే కాళ్లనూ పెట్టుకోలేదు. ముసలాయన్నీ పెట్టుకోలేదు. నీ లెక్కలో ఉన్నది నువ్వొక్కడివే."

గాలిరాయుడు మొన్న తనతో కలిసి నవ్విన వాళ్ల వైపు చూశాడు. వాళ్లు సిగ్గుతో నేల చూపులు చూశారు.

కాసేపటికి మంద మేతకు కదిలింది. వాణ్ని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

నీతి: నాలుగు అంగల వేగంతో నలభై ఆమడల దారిని కొలిచేవాడు మూర్ఖుడు. వినడానికి హాయిగా ఉందని ఆ లెక్కను నమ్మేవాడు వాడికన్నా మూర్ఖుడు.