ఎలుగుబంటి మొలిపించిన రేలచెట్లు

పడుకో బుజ్జులూ, దుప్పటి కప్పుకో, చెప్తున్నా. అనగనగా ఒక ఊళ్ళో కాదు, ఊరవతల కొండమీద ఒక ఎలుగుబంటి ఉండేది. దానికి రేలకాయలంటే ప్రాణం. మునక్కాడలా పొడుగ్గా, లోపల నల్లటి తియ్యటి గుజ్జుతో ఉంటాయే, అవి.

అయితే జనం వంటచెరుక్కని రేలచెట్లన్నీ నరికేశారు. ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. అప్పుడు ఎలుగు ఆకలికి తాళలేక ఊళ్ళోకి దిగింది. జనం కర్రలతో తరిమారు. "ఈసారి వస్తే ప్రాణాలతో పోనివ్వం" అన్నారు.

ఆ తర్వాత సర్కారువాళ్ళు ఆ కొండని పార్కు చేశారు. అక్కడి మొక్కల్నీ జంతువుల్నీ చూసుకోవడానికి ఒకమ్మాయిని వేశారు. పేరు విశాలాక్షి. బయాలజిస్టు అంటార్లే ఆ ఉద్యోగాన్ని. "ఇక్కడ మళ్ళీ రేలచెట్లే పెంచుతాను" అందా పిల్ల. పై ఆఫీసరేమో, "మూడు వానాకాలాలు చూస్తా. మొలిచాయా, సరే. లేదా, జామాయిల్ నాటించేస్తా" అన్నాడు. జామాయిల్ చెట్టుకి ఎలుగు తినే కాయ కాస్తుందా, నా మొహం!

మొదటి ఏడు తొలకరికి విశాలాక్షి గింజలు చల్లింది. ఒక్కటీ మొలవలేదు. రెండో ఏడు నీళ్ళల్లో నానబెట్టి చల్లింది. ఊహూఁ! రాళ్ళలాంటి గింజలు రాళ్ళలాగే ఉన్నాయి. అప్పుడు దిగులేసి, ఆ మిగిలిన ఒక్క చెట్టుకింద కూర్చుంది. చూస్తే ఏముంది? ఎండాకాలంలో ఎలుగు వేసిన పెంటలోంచి పచ్చగా రేల మొలకలు! ఎలుగు కడుపులో పడితేగానీ ఆ గింజ పెంకు మెత్తబడదన్నమాట. ఛీ అనకు, విను.

మళ్ళీ ఎండలు రాగానే విశాలాక్షి బుట్ట చంకనేసుకుని కొండంతా తిరిగి ఎలుగు పెంట ఏరింది. ఊరంతా "పెంట మేడమ్" అని నవ్వారు. వాళ్ళక్కయితే సిగ్గుతో చచ్చిపోయింది. "మీ చెల్లెలేం చేస్తోంది?" అని ఎవరైనా అడిగితే, "ఏదో గవర్నమెంటు ఉద్యోగంలెండి" అని మాట మార్చేసేది.

మూడో వానాకాలం ఆ పెంటలోని గింజలు చల్లితే మొలిచాయి. ఆఫీసరు అప్పటికే తెప్పించి పెట్టుకున్న జామాయిల్ మొక్కలు వెనక్కి పంపించాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు విశాలాక్షి ఆ కొండ వదల్లేదు. ప్రమోషనిచ్చి పట్నం రమ్మన్నా పోలేదు. రేల అయ్యాక ఇప్ప, ఇప్ప అయ్యాక నేరేడు పెంచింది. ఎలుగులు మళ్ళీ ఊరి మొహం చూడలేదు.

పోయిన వేసవిలో ఆవిడ రిటైరైంది. కొండంతా పసుప్పచ్చగా రేలపూలు. పార్కులో సభ పెట్టి శాలువా కప్పారు. ఒకాయన కాగితం చూసి, "మేడమ్‌గారు పర్యావరణానికి ఎనలేని సేవ..." అని చదువుతున్నాడు. ముందు వరసలో ఉన్న అక్కకి ఇక ఆగలేదు. అంత సభలో లేచి నిలబడి, "ఎలుగు పెంట ఏరిందని చెప్పండయ్యా! ఏరింది మా చెల్లెలు!" అని అరిచింది.

ఆ అరిచిందెవరనుకున్నావ్? ఇదిగో, ఈ మీ అమ్మమ్మే. నవ్వకు. ముప్పై ఏళ్ళ కిందటే అరవాల్సిన మాట అది.

కథేమో కంచికి, ఎలుగేమో కొండకి, మా బుజ్జులు నిద్రకి!